పెంపుడు జంతువుల అంతిమసంస్కారము – ప్రభుత్వ బాధ్యత

(సమాజ వార్షికోత్సవ సభయందు చేసిన ప్రసంగ పాఠము)



సాహిత్యమును గూర్చియో సంగీతమును గూర్చియో మాటలాడుట ఆచారమైన ఈ వేదికపై నేడు నేను చనిపోయిన కుక్కలను గూర్చియు పిల్లులను గూర్చియు మాటలాడబూనితిని. విషయము తెలిపినప్పుడు మన కార్యదర్శిగారు ఒక్క క్షణము ఊరకుండి, "ఇది హాస్యప్రసంగమా అండీ?" అని అడిగిరి. కాదంటిని. మనలో అనేకులు నియమముల నడుమ జీవితము గడపినవారు. ఏ విషయమునకు నియమము కావలెను, దేనికి అక్కరలేదు అను విచారణ మనకు కొట్టినపిండి. మన పిల్లలతోపాటు మన యింటనే పెరిగి, మన కన్నులయెదుటనే కన్నుమూయు మూగజీవుల విషయమున ఆ విచారణను ఒకసారి చేసి చూతము.

ఢిల్లీలో సర్కారు క్వార్టర్సులో కాపురముండువారికి ఈ ప్రశ్న సూటిగా తగులును. ఊరిలో నైనచో పెరడుండును. జామచెట్టు క్రింద గొయ్యి త్రవ్వి, గుప్పెడు ఉప్పు చల్లి, పిల్లలు నాలుగు పూవులు వేసినచో పని ముగియును. రెండవ అంతస్తున రెండు గదులలో నున్నవానికి పెరడేది? నేల ప్రభుత్వముది, పార్కు మరియొక శాఖది. మొక్క నాటుటకే అనుమతి కావలసిన చోట గొయ్యి త్రవ్వుట యెట్లు? మా కాలనీలో ఒక పెద్దమనిషి యింట పదునాలుగేండ్లు పెరిగిన కుక్క, మే నెలలో ఒక శనివారము సాయంకాలము ప్రాణము విడిచినది. మరునాడు ఆదివారము, ఏ కార్యాలయమును పలుకదు. ఎండలకు శవము నిలువదు. ఇంటిల్లిపాదియు రాత్రి పదకొండు గంటలవరకు వేచి, పార్కు మూలను దొంగలవలె దానిని పూడ్చిపెట్టి వచ్చిరి. లోతు చాలలేదు. మూడవనాటికి వీధికుక్కలు త్రవ్వివేసినవి. బడికి పోవుచు ఆ యింటి చిన్నపిల్ల దానిని చూచినది. ఆ పెద్దమనిషి నియమములను త్రోసిరాజనువాడు కాడు. ముప్పది యేండ్లు ఫైళ్లపై నియమముల సంఖ్యలు ఉదాహరించినవాడు. అనుసరింపదగిన దారి ఆ రాత్రి ఆయనకు కనబడలేదు, అంతే.

చట్టమున ఏమున్నదో మొదట చూతము. మన రాజ్యాంగపు ఏడవ షెడ్యూలునందు, రాష్ట్రముల జాబితాలో పదవ అంశము ఖననములకును దహనములకును, వాని భూములకును సంబంధించినది. ఆ వాక్యమున మనుష్యుడను మాటయు లేదు, జంతువను మాటయు లేదు. పెంపుడు జంతువుల శ్మశానములకై పార్లమెంటు ప్రత్యేక శాసనమేదియు చేయలేదు. 1960 నాటి జంతుహింసా నివారణ చట్టము బ్రతికియున్న ప్రాణిని కాపాడును. 2009లో వచ్చిన పశువుల అంటురోగముల చట్టము, రోగముతో చచ్చినదాని కళేబరమును ఎట్లు తొలగింపవలెనో చూచుకొనును. 2016 నాటి జీవవైద్య వ్యర్థముల నియమములు ప్రయోగశాలలలోను పశువైద్య కళాశాలలలోను ప్రయోగమునకు గురియైన జంతువుల సంగతి చెప్పును. వృద్ధాప్యముచే మన చాపమీద చనిపోయిన కుక్క వీనిలో దేనికిని చెందదు. అది పురపాలక చట్టములపాలు. ఆ చట్టముల భాషలో అది కళేబరము; వీధినుండి ఎత్తివేయవలసిన వస్తువులలో నొకటి. ఆ మాట వ్రాసినవారిని నేను నిందింపను. వారి మనస్సులో ఉన్నది ప్లేగు, కలరా. మన దుఃఖము కాదు.

ఈ మమకారము పాశ్చాత్యుల వేలంవెఱ్ఱి అనువారు కలరు. ధర్మరాజు కుక్కను విడిచి స్వర్గమునకు రానన్న కథ మనకు క్రొత్తది కాదు కాబట్టి దానిని వదలి, అంతగా వినబడని మరియొకదానిని చెప్పెదను. కర్ణాటకమున మండ్య జిల్లాలోని ఆతకూరున పదవ శతాబ్దపు కన్నడ శిలాశాసనము దొరకినది. క్రీస్తుశకము 949-50 ప్రాంతముది. గంగరాజైన బూతుగుని కొలువులో మణలేరుడను వీరుడుండెను. రాజు మెచ్చి ఏమి కావలెనని యడుగగా, ఆ వీరుడు కాళి యను వేటకుక్కను కోరెను. ఆ కుక్క పెద్ద అడవిపందితో పోరాడి, దానిని చంపి తానును చచ్చెను. దానికై గుడియెదుట రాయి నిలిపి, పూజకై భూమి యిచ్చిరి. అంతటితో ఆగలేదు. ఆ భూమిని అనుభవించు గొరవడు రాతికి పూజ చేయక భోజనము చేసినచో, ఆ కుక్క చేసిన పాపము వానికి తగులునని చెక్కించిరి. కార్యాలయపు కన్నుతో చూడుడు: స్థలము నిర్ణయింపబడినది, నిర్వహణకు నిధి యేర్పడినది, బాధ్యుడైన ఉద్యోగి నియుక్తుడైనాడు, ఉల్లంఘనకు శిక్షయు చెప్పబడినది. వేయి సంవత్సరముల పైబడిన ఆ రాతిమీద ఉన్నన్ని వివరములు నేటి మన మునిసిపలు తీర్మానములలో నాకు కనబడవు.

ఇక పారిస్ నగరపు కథ. చట్టము దుఃఖమునకు చోటు కల్పింపవలెనని సంకల్పింపకయే కల్పించిన ఉదాహరణము అది. పందొమ్మిదవ శతాబ్దమున అచ్చట చచ్చిన కుక్కలను సీన్ నదిలో విసరివేయుటయో, నగరపు కోటకందకములలో పారవేయుటయో వాడుక. 1898 జూన్ 21న ఫ్రాన్సు ప్రభుత్వము ఒక శాసనము చేసెను. చచ్చిన జంతువును నివాసములకు సాధ్యమైనంతవరకు నూరు మీటర్ల దూరమున గోతిలో పెట్టి, పైన కనీసము ఒక మీటరు మందమున మట్టి కప్పవలెనని దాని సారాంశము. ఉద్దేశము కేవలము ఆరోగ్యము. అయితే పారిస్‌లో మేడమీది గదులలో నివసించువానికి నూరు మీటర్ల దూరపు ఖాళీస్థల మెక్కడిది? మన క్వార్టర్సువారి చిక్కే వారిదియు. మరుసటి యేట, 1899లో, జార్జి ఆర్మ్వా అను న్యాయవాదియు మార్గరీట్ ద్యురాన్ అను పత్రికారచయిత్రియు కలిసి, నగరమునకు ఆనుకొనియున్న ఆన్యేరు వద్ద, నాడు సీన్ నదిలో లంకగా నున్న చోట, జంతువుల శ్మశానమును నెలకొల్పిరి. నిషేధము ఒక తలుపు మూయగా, వ్యవస్థ మరియొక తలుపు తెరచినది.

ఆ శ్మశాన ద్వారమువద్ద బారీ అను సెయింట్ బెర్నార్డ్ కుక్క స్మారకమున్నది. నలువదిమందిని మంచునుండి కాపాడి, నలువదియొకటవవాని చేతిలో చచ్చెనని దానిమీద చెక్కియున్నది. వాస్తవమున ఆ కుక్క ముసలిదై బెర్న్ నగరము చేరి, 1814లో సుఖముగనే కన్నుమూసినది. దాని దేహమును అక్కడి మ్యూజియములో భద్రపరచిరి. రాతిమీద చెక్కించునప్పుడు ఎవరును పరీక్షింపరు గదా! 1958లో ఒక దిక్కులేని వీధికుక్క వచ్చి ఆ శ్మశానపు గుమ్మముకడనే ప్రాణము విడిచెను. అది అచ్చట పూడ్చబడిన నలువదివేలవ జంతువట. దానికిని ఒక చిన్న స్మారకము నిలిపిరి. ధనికుల కుక్కల నడుమ ఆ అనాథకు దక్కిన చోటు నాకు మిగిలిన పాలరాతి గోరీలన్నిటికంటె ప్రీతికరముగ తోచును. 1987లో నిర్వాహకులు దానిని మూసివేయదలంపగా ప్రజలు గోల చేసిరి. దానికి చారిత్రకస్థలముగా రక్షణ లభించినది. పిమ్మట పురపాలక సంఘమువారే నిర్వహణమును స్వీకరించిరి. ఒక ప్రైవేటు సంస్థ శాశ్వతమని నమ్మించి అమ్మిన గోరీని నిలువబెట్టుటకు తుదకు ప్రభుత్వమే రావలసివచ్చెను. లండనులోని హైడ్ పార్కునందును 1881లో చెర్రీ యను చిన్న కుక్కతో ఇట్టిదే ఒకటి మొదలై, స్థలము చాలక 1903లో మూతపడినది. అయితే ఆ నేల రాజోద్యానము. కావున గోరీలు నేటికిని పదిలముగనున్నవి.

ఆరోగ్యదృష్టితో చెప్పవలసినది క్లుప్తముగా చెప్పెదను. లోతులేని గొయ్యి, ప్లాస్టికు సంచిలో చుట్టిన శవము, పైకి పొంగిన భూగర్భజలము, ఈ మూడును కలిసిన చోట పూడ్చుట ప్రమాదమే. కాల్చుటయు సరిగా కాల్చినగాని మేలు చేయదు. ఐరోపా నియమములలో జంతుశవములను కాల్చు కొలిమినుండి వెడలు వాయువు 850 డిగ్రీల సెంటిగ్రేడు వేడిలో కనీసము రెండు సెకండులు, లేక 1,100 డిగ్రీలలో సెకండులో అయిదవ వంతు నిలువవలెనని యున్నది. పొగయు దుర్గంధమును చుట్టుప్రక్కలవారికి తగులకుండుటకే ఈ లెక్క. మరియొక సంగతి చాలమందికి తెలియదు. బాధపడు జంతువునకు పశువైద్యుడు సూదితో ప్రశాంతమరణము కల్పించునప్పుడు వాడు పెంటోబార్బిటాల్ వంటి మందు శవములో చాలకాలము నిలిచియుండును. బయట పారవేసిన ఆ శవమును తిన్న గ్రద్దలు, రాబందులు చచ్చిన సందర్భములు అనేక దేశములలో నమోదైనవి. పశువులకు వాడు డైక్లోఫెనాక్ అను ఒక్క మందువలన మన దేశపు రాబందులు ఎట్లు నశించెనో, 2006లో దాని పశువైద్య వినియోగమును ఎట్లు నిషేధింపవలసివచ్చెనో మనమెరుగుదుము. కావున కడపటి సూది వేసిన వైద్యుడే శవమును ఏమి చేయవలెనో వ్రాతమూలముగా తెలుపవలెనని నియమించుట అతిశయము కానేరదు.

అయినను నా ముఖ్యమైన వాదము ఆరోగ్యమును గూర్చినది కాదు. ఎట్లు ఏడ్వవలెనో ప్రభుత్వము చెప్పనక్కరలేదు. పూడ్చుదురో, కాల్తురో, బ్రాహ్మణుని పిలుతురో, పిలువరో అది యింటివారి యిష్టము. కాని ఏడ్చువానికి ఒకడు ఒక వాగ్దానమును అమ్మినప్పుడు, ఆ వాగ్దానమును ప్రభుత్వము కాచితీరవలెను. ఏలయన అది కొనువాడు పరీక్షింపలేని సరకు. బియ్యమున రాళ్లున్నచో వండునప్పుడు తెలియును. పాలలో నీళ్లు కలిపినచో నాలుకకు తెలియును. "ఇది మీ కుక్క బూడిద" యని చేతికిచ్చిన కుండలో ఎవరి బూడిద యున్నదో ఎవరు చెప్పగలరు? అంత వేడికి వంశలక్షణములు తెలుపు అంశము నశించును. మిగులునది ఎముకల సున్నము. ప్రయోగశాలకు పంపినను అది ఏ కుక్కదో తేలదు. తూకము మాత్రమే కొంత సాక్ష్యము: దేహపు బరువులో నూటికి మూడు నాలుగు పాళ్లు బూడిదగా మిగులును. ఇరువదియైదు కిలోల కుక్కకు కిలోకు కొంచెము తక్కువగా రావలెను. పిడికెడు వచ్చినచో అనుమానింపవచ్చును. సరిగా తూగినచో అదియు నిదర్శనము కాదు.

ఇది ఊహ కాదు. 1979లో న్యూయార్కు న్యాయస్థానమున ఒక వ్యాజ్యము తీర్పునకు వచ్చెను. ఒక స్త్రీ తన పూడిలు కుక్కకు అంత్యక్రియలు ఏర్పాటు చేసికొని, శవపేటిక తెరచి చూడగా అందులో చచ్చిన పిల్లి యుండెను. పెంపుడు జంతువు కేవలము వస్తువు కాదు, మనిషికిని ఆస్తికిని నడుమ దానికొక ప్రత్యేకస్థానమున్నదని చెప్పి న్యాయాధీశుడు ఆమెకు 700 డాలర్లు ఇప్పించెను. ఆమె పేటిక తెరచినది కాబట్టి తెలిసినది, తెరవనివారి మాటయేమి? 1991లో లాంగ్ ఐలండునందలి ఒక జంతుశ్మశానమున, ప్రత్యేకముగా పూడ్చుదుమని, ప్రత్యేకముగా కాల్చి బూడిద యిత్తుమని సొమ్ము పుచ్చుకొన్న జంతువులను గుట్టలుగా గోతులలో పడవేసినట్లు బయటపడెను. నిర్వాహకులు ఫెడరల్ న్యాయస్థానమున బోను ఎక్కవలసివచ్చినది. 2010లో జపానుదేశపు సైతామా ప్రాంతమున దహనమునకై సొమ్ము తీసికొని శవములను కొండలలో పారవేసిన వ్యాపారి పట్టుబడెను. భాషలు వేరు, మతములు వేరు. మోసము మాత్రము ఒక్కటే. ఇట్టి అనుభవముల మీదట న్యూయార్కు రాష్ట్రము జంతుశ్మశానములకును దహనశాలలకును లైసెన్సు విధించు చట్టము చేసికొన్నది. ఆ రాష్ట్రమే 2016లో, శ్మశానమువారు అంగీకరించినచో, పెంపుడు జంతువు బూడిదను యజమాని ప్రక్కనే మనుష్యుల శ్మశానమున ఉంచుటకు అనుమతించినది. మోసము విషయమున కఠినము, మమత విషయమున ఉదారము: నాకు ఆ వైఖరి నచ్చినది.

మన దేశమున చలనము లేకపోలేదు. హైదరాబాదు నగరపాలకులు 2022లో ఫతుల్లగూడయందు జంతువుల దహనశాలను తెరచిరి. బొంబాయి కార్పొరేషను 2023లో మలాడునందు గొట్టపు గ్యాసుతో నడచు కొలిమిని ఏర్పరచెను. మన ఢిల్లీలో 2024లో ద్వారక 29వ సెక్టారున కార్పొరేషనువారు ప్రైవేటు భాగస్వామ్యముతో గ్యాసు కొలిములను నెలకొల్పిరి. ప్రారంభమున ప్రకటించిన రుసుము ముప్పది కిలోలలోపు జంతువునకు 2,000 రూపాయలు, అంతకు మించినచో 3,000. ఇవి మెచ్చదగిన పనులే. అయితే ఇంత పెద్ద నగరమునకు ఇట్టివి ఎన్ని కావలెను? నగరపు ఆ చివరనుండి ఈ చివరకు శవమును తెచ్చుట యెట్లు? టాక్సీవాడు ఎక్కించుకొనడు. రాత్రివేళ, సెలవునాడు తలుపు తీయువారెవరు? కొలిమి కట్టుట ఇంజనీరు పని. దానిచుట్టు నమ్మకమును కట్టుట మన పని.

ఆ నమ్మకమునకు కోట్లు అక్కరలేదు. శవమును అప్పగించిన క్షణముననే సంఖ్య చెక్కిన లోహపు బిళ్ల యొకటి దానికి కట్టి, అది కొలిమిలోనికిని వెంట పోయి, తిరిగి బూడిదతో బయటకు రావలెను. ఆ సంఖ్యయే యజమాని రసీదుమీద ఉండవలెను. తెచ్చినప్పటి బరువు, బూడిద బరువు రిజిస్టరునందు ఎక్కవలెను. కోరినవారు గాజుకిటికీగుండ చూచుటకు వీలుండవలెను. అన్నిటికంటె ముఖ్యము, మాటలకు అర్థము నిర్ణయించుట. ఒక్కదానినే కాల్చుట వేరు. ఒకే కొలిమిలో అడ్డుగోడలుంచి కొన్నిటిని కాల్చుట వేరు. అన్నిటిని కలిపి కాల్చుట వేరు. మూడింటికిని ధర వేరు. మూడవది చేసి మొదటిదాని ధర పుచ్చుకొనుట ఈ వ్యాపారపు సులభమైన దొంగతనము. సొమ్ము తీసికొని చేయు పనిలో లోపమున్నచో 2019 నాటి వినియోగదారుల చట్టము క్రింద ఫిర్యాదు చేయవచ్చును, నిజమే. కాని రిజిస్టరు లేనిచోట ఫిర్యాదుదారు చూపు సాక్ష్యమేమి? పూడ్చుటకు స్థలము అమ్మువారి విషయమున, ఆ నేలను శ్మశానముగనే నమోదు చేయించి, నిర్వహణకు వేరుగా నిధి నిలుపవలెనని కోరవలెను. ఆతకూరు శాసనకర్తకు తోచిన సంగతియే ఇది.

ఇక మనము సభలలో ఎత్తని మాట ఒకటి కలదు. ఈ శవములను ఎత్తునదెవరు? చచ్చిన పశువును మోయుట, తోలు ఒలుచుట మన సమాజము తరతరములుగా కొన్ని కులములవారిమీద మోపినది. అది వారు కోరిన వృత్తి కాదు. మనము విధించిన వెట్టి. డాక్టరు అంబేద్కరుగారు ఆ పనిని విడిచిపెట్టుడని తనవారికి బోధించిరి. అంటరానితనమును పురస్కరించుకొని ఎవనిచేతనైనను కళేబరమును బలవంతముగా ఎత్తించుట 1955 నాటి పౌరహక్కుల రక్షణ చట్టములో 1976లో చేర్చిన 7-ఏ విభాగము ప్రకారము నేరము. 2015లో అత్యాచారముల నిరోధక చట్టమునకు చేసిన సవరణయు షెడ్యూల్డు కులములవారిచేత, తెగలవారిచేత కళేబరములు మోయించుటను నేరముగా పేర్కొన్నది. ఆ మరుసటి సంవత్సరమే, 2016 జూలైలో, గుజరాతునందలి ఊనా ప్రాంతమున చచ్చిన ఆవు తోలు ఒలుచుచున్న దళిత యువకులను కట్టి కొట్టిరి. ఎత్తినచో దెబ్బలు, ఎత్తనిచో వెలి! పిమ్మట అక్కడివారు కళేబరములను ఎత్తము పొమ్మని, కొన్నిటిని ప్రభుత్వ కార్యాలయములయెదుట విడిచిపోయిరి. మన కుక్కకు గౌరవముగా వీడ్కోలు పలుకవలెనని మనము కోరునప్పుడు, కొలిమికడ నిలుచు మనిషికి చేతి తొడుగులు, పిచ్చికుక్కవ్యాధికి ముందుజాగ్రత్త టీకాలు, యంత్రపు బండి, నెలజీతము, ఉద్యోగపు పేరు ఉన్నవా యని అడుగకుండుట మనకు తగదు. లైసెన్సు షరతులలో గాజుకిటికీకంటె ముందు వ్రాయవలసిన షరతు ఇది.

వీధికుక్కల సంగతి యేమని కొందరడుగవచ్చును. యజమాని లేని ప్రాణికి యజమాని నగరమే. దాని దహనపు ఖర్చు నగరముదే కావలెను. ఆ శవమును దయతో తెచ్చిన బాటసారివద్ద రుసుము అడుగరాదు.

కార్యదర్శిగారి అనుమతితో, ఈ విషయములను పొందుపరచిన అభ్యర్థనపత్ర మొకటి వాకిటివద్ద బల్లమీద ఉంచితిని. తెలుగులోను హిందీలోను ఉన్నది. కార్పొరేషను కమీషనరుగారికి పంపుటకు ఉద్దేశించినది. దానితోపాటు, సెలవుదినములలో శవమును ఎక్కడకు, ఎట్లు తీసికొనిపోవలెనో, ఎవరికి ఫోను చేయవలెనో తెలుపు పలకను ప్రతి కాలనీ సంక్షేమసంఘపు ప్రకటనల బల్లపై నుంచవలెనని రెండవ కాగితమున కోరితిని. సంతకము చేయదలచినవారు భోజనములకు పోవుటకు ముందే చేయవచ్చును. కలము అచ్చటనే ఉన్నది.